రెండో ఫోన్ నంబరు

ఆ ఆసుపత్రిలో అడుగుపెట్టిన మూడో రోజుకే ఆమెకు పేరు పడిపోయింది. ఎందుకమ్మ. చాటుగా పిలుచుకునే పేరే గానీ, ఒకటి రెండుసార్లు ఎదుట కూడా నోరు జారారు. మందుల గది ఆయన ఒకే చీటీ మీద రెండు ముద్రలు వేస్తే "ఎందుకండీ?" అంది. కట్లు కట్టే గదిలో సిస్టరు చీటీని అడ్డంగా మడిచి, కింది వరస పైకి కనిపించేలా జేబులో పెట్టుకుంటే "ఎందుకలాగ?" అంది. "జేబు చిన్నదమ్మా" అని నవ్వేసింది సిస్టరు. నేల తుడిచే ఆవిడ బకెట్టు తెచ్చి రికార్డు గది తలుపుకి అడ్డం పెడితే దానికీ ఒక ఎందుకు పడింది. "మా అత్తగారు కూడా నన్నిన్ని ప్రశ్నలు వెయ్యలేదు తల్లీ! తలుపు దానంతటదే మూసుకుపోతోందని పెట్టాను" అందావిడ. ఎందుకమ్మ అది కూడా నోటుపుస్తకంలో రాసుకుంది.

అడగడమే ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆసుపత్రిని లాక్కొస్తున్న పాత కంప్యూటర్ ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టాలని పైవాళ్ళు తీర్మానించారు. పెట్టేముందు పాతది ఏం చేస్తోందో, ఎవరు దాన్ని ఎలా వాడుకుంటున్నారో, ఏ గడిలో ఏం రాస్తున్నారో, ఏ కాగితం ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో ఒకరు కూర్చుని చూడాలి. చూసి రాయాలి. ఆమె రాసిందాన్ని బట్టే కొత్తది తయారవుతుంది. దానికి కంపెనీ ఇచ్చిన గడువు ఆరు వారాలు.

అంతా ఆమెది కుతూహలం అనుకున్నారు. కాదు, భయం. నాలుగేళ్ళ కిందట ఒక విత్తనాల గోదాములో ఇదే పని చేసింది. అక్కడి పాత ప్రోగ్రాము రోజూ సాయంత్రం ఒక ఖాళీ కాగితం ప్రింటు తీసేది. కాగితం దండగ అని రిపోర్టులో రాసి తీయించేసింది. ఆ ప్రింటరు చప్పుడు విన్నాకే కాపలా ఆయన లేచి వెళ్ళి చల్లగాలి మిషను చూసొచ్చేవాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. చప్పుడు ఆగింది, ఆయన లేవడం మానేశాడు, ఒక గది నిండా విత్తనాలు కుళ్ళిపోయాయి. ఎవరి ప్రాణమూ పోలేదు గనక బతికిపోయింది. ఆ వాసన మాత్రం ఇప్పటికీ ఉన్నట్టుండి ముక్కుకి తగులుతుంది. విత్తనాలకే అలా అయితే, మనుషులుండే చోట?

ఆసుపత్రి మొత్తం మీద ఆమె ప్రశ్నలకి ముక్తసరిగా జవాబు చెప్పేది ఒక్కరే. రికార్డు గది గుమాస్తా. అందరూ మామయ్య అని పిలుస్తారు. చొక్కా జేబులో దువ్వెన, నడుముకి తాళాల గుత్తి, రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలు. పాత ప్రోగ్రాము వచ్చిన రోజు నుంచీ దాని మంచీ చెడూ ఆయనే చూసుకున్నాడు. ఎందుకమ్మ గదిలోకి రాగానే ఆయన చేతిలో ఫైలు వణికేది. పెద్దతనం కదా అనుకుంది ఆమె. ఒక మనిషి తనను చూసి భయపడగలడని ఆమెకు తట్టనే లేదు. తన భయమే తనకు సరిపోయేది మరి.

పాత రికార్డులు కొత్తదాంట్లోకి ఎక్కించేముందు తప్పులు ఏరాలి. అలా ఏరుతుంటే రెండో ఫోన్ నంబరు అనే గడిలో ఒక వింత కనిపించింది. పదకొండు వందల నలభై మూడు మందికి అక్కడ మూడంకెలే ఉన్నాయి. కొందరికి 111, కొందరికి 222, కొందరికి 333. అడగాల్సిందే, అడిగింది. కానీ ఎవరిని? ఆ రోజు పెద్దసారు గదిలో సమావేశం జరుగుతోంది. ఆసుపత్రి పరిపాలన చూసే పెద్దమనిషి ఆయన. చల్లటి గది, మెత్తటి కుర్చీ. కౌంటరు వైపు ఆయన వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

"సార్, ఈ గడి దేనికి?"

"పేరులోనే ఉందిగా మేడమ్? రెండో ఫోన్ నంబరు! జనం చెప్పకపోతే మావాళ్ళు ఏదో ఒకటి కొట్టేస్తారు. బద్ధకం."

గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, పుస్తకంలో రాసింది: అంకెలు సరిపోని ఫోన్ నంబర్లు తీసేయాలి. ఆరు వారాల్లో కొన్ని వందల ఎందుకులు అడిగిన మనిషి ఆ ఒక్కచోట రెండో ఎందుకు అడగలేదు.

ఆరో వారం చివర్లో, ఒక్కరోజు కొత్త ప్రోగ్రాముతో కౌంటరునీ కట్లు కట్టే గదినీ నడిపి చూడాలనుకున్నారు. మిగతా చోట్ల పాతదే. సాయంత్రం నాలుగింటికి పెద్దసారు గదిలో ఆమె సంతకం పెడితే, మర్నాటి నుంచి పాతది శాశ్వతంగా ఆగిపోతుంది. ఉదయం తొమ్మిదికల్లా వచ్చి కౌంటరు అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కౌంటరు అక్క కళ్ళజోడు సర్దుకుని, కొత్త తెరను కాసేపు తిట్టి, కాసేపు మెచ్చుకుని, మొత్తానికి దారిలో పడింది.

పదిన్నర దాటాక బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. ఎడమ అరచేతికి కత్తెర దిగింది. కత్తిరిస్తున్న పూల గుడ్డనే చుట్టుకొచ్చింది. గుడ్డ తడిసిపోయింది గానీ ఆవిడ నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు.

"కస్టమరు గుడ్డండీ ఇది. చెయ్యి పోతే పోయింది, ఇప్పుడు ఆవిడకేం సమాధానం చెప్పను?"

"పేరూ వయసూ చెప్పండి" అంది కౌంటరు అక్క.

"మళ్ళీ చెప్పాలా? పోయినసారి వచ్చినప్పుడు రికార్డుల అన్నయ్య దగ్గర కూర్చోబెట్టుకుని మరీ రాసుకున్నాడుగా. అంతా మీ దాంట్లో ఉంటుందమ్మా అన్నాడు. మా ఆయనక్కూడా నా గురించి అంత తెలీదు!"

ఆ మాట వినగానే ఎందుకమ్మ తల ఎత్తింది. "ఏం రాసుకున్నారు?" అని అడగడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే ప్రింటరు కాగితాన్ని అడ్డంగా మింగింది. ఇద్దరూ కలిసి లాగేసరికి, కొత్త చీటీ రెండు కాపీలు వచ్చేసరికి, బట్టలు కుట్టే ఆవిడ చీటీ పట్టుకుని కట్లు కట్టే గదిలోకి వెళ్ళిపోయింది. ఎందుకమ్మ పుస్తకంలో ఒక ముక్క రాసుకుంది: జనానికి ఈ సిస్టమ్ మీద నమ్మకం ఉంది. రాసుకుని సంతోషించింది.

పదకొండు దాటాక మామయ్య ఫైళ్ళతో బయటికొచ్చాడు. కౌంటరు మీద ఆ రెండో కాపీ పడి ఉంది. మామూలుగా చూసేవాడిలాగే చూశాడు. తర్వాత కళ్ళు దగ్గరికి పెట్టి, కాగితం కింది అంచు చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"కింద నంబరేదమ్మా?"

"మూడంకెల నంబర్లా? కొత్తదాంట్లో రావు మామయ్యా. అవన్నీ తప్పులని మేడమ్‌గారు తీసేశారు."

కౌంటరు అక్క అక్కడ చేరి ఏడాది కూడా కాలేదు. అప్పటికే ఆ గడి గురించి మాట్లాడటం అందరూ మానేశారు గనక, ఆవిడకు ఏమీ తెలియదు. మామయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకమ్మ వైపు చూశాడు. ఏదో అనబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి మింగేశాడు.

"ఒక్కసారి గదిలోకి వస్తారా అమ్మా?"

రికార్డు గదిలోకి వెళ్ళాక ఆయన కాలితో బకెట్టు పక్కకు నెట్టాడు. తలుపు దానంతటదే మూసుకుంది. గుత్తిలోంచి తాళంచెవి ఏరడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. ఇనప బీరువా ఎడమ తలుపు తీశాడు. లోపలివైపు పసుపెక్కిన కాగితం ఒకటి అంటించి ఉంది. చక్కటి దస్తూరీ.

111 పెన్సిలిన్ పడదు. 222 సల్ఫా పడదు. 333 మత్తుమందు పడదు. అలా 999 దాకా.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది.

"ఫలానా మందు పడదని రాయడానికి ఆ పాత ప్రోగ్రాములో గడి లేదమ్మా" అన్నాడు మామయ్య. "పద్దెనిమిదేళ్ళ కిందట ఒకాయనకి తెలీక ఇంజెక్షనిచ్చారు. నా కళ్ళ ముందే పోయాడు. గడి పెట్టమని ఎన్ని ఉత్తరాలు రాశానో. ఆ ప్రోగ్రాము చేసిన కంపెనీయే మూతపడింది. రెండో ఫోను ఎవరికీ లేని రోజులు కదా, ఆ గడి ఖాళీగా కనిపించింది. చీటీ మీద ఆఖరి వరస అదే వస్తుంది. సిస్టర్లకి చెప్పాను. నంబరుంటే ఆ మందు ముట్టుకోరు. లేకపోతే భయం లేదని."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఐదేళ్ళ కిందట తనిఖీకి వచ్చినవాళ్ళు చూసి, తప్పుడు సమాచారం ఎక్కించానని సంజాయిషీ అడిగారు. ఇంకోసారి కనిపిస్తే ఇంటికి పంపిస్తామన్నారు. అప్పట్నుంచీ ఎవరం పైకి అనుకోం. నా మీద మాట రాకూడదని సిస్టర్లు కూడా నోరెత్తరు." ఆయన ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. "మీరు అడుగుతారేమోనని ఆరు వారాలు చస్తూ బతికానమ్మా. ఈ గడి సంగతి అడగలేదు. బతికిపోయాననుకున్నా. తీసేస్తారని అనుకోలేదు."

చీటీ మడత గుర్తొచ్చింది ఆమెకు. కింది వరస పైకి కనిపించేలా. జేబు చిన్నదట!

ఆ మూల బల్ల మీద పాత ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉంది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఆమె నిలబడే బట్టలు కుట్టే ఆవిడ పేరు కొట్టింది. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి రికార్డు తెరుచుకుంది. పేరు, వయసు, చిరునామా, ఒక ఫోన్ నంబరు. దాని కింద మూడు ఒకట్లు.

తలుపు తోసుకుని పరిగెత్తింది.

తడి నేల మీద జారింది, గోడ పట్టుకుంది, మళ్ళీ పరిగెత్తింది. "అయ్యో తల్లీ, ఎందుకా పరుగు?" అని అరిచింది నేల తుడిచే ఆవిడ. జవాబు చెప్పడానికి ఆమెకు ఊపిరి లేదు. ఇవ్వకుండా ఉండాలి, ఇంకా ఇవ్వకుండా ఉండాలి. కుట్లు వేయడానికి టైము పడుతుంది కదా. చేతికి కదా. లోతుగా ఉంది కదా. ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంటూ కట్లు కట్టే గది తలుపు తీసింది.

బల్ల ఖాళీగా ఉంది. సిస్టరు చేతులు కడుక్కుంటోంది.

"కుట్టుపని ఆవిడేది?"

"ఇప్పుడే వెళ్ళిందండీ. నాలుగు కుట్లు పడ్డాయి. ఇంజెక్షన్ ఇచ్చాను, కాసేపు కూర్చోమంటే వినలేదు. దుకాణం తెరిచే ఉంచి వచ్చిందట."

"ఏ ఇంజెక్షను?"

సిస్టరు చెప్పింది. గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ మామయ్య, "ఆవిడది నూట పదకొండు" అన్నాడు. సిస్టరు తడి చేత్తోనే జేబులోంచి చీటీ లాగింది. మడత పైకి ఉంది. ఆఖరి వరసలో ఏమీ లేదు. ఆ తెల్లటి చోటు చూస్తూ అలాగే గోడకి ఆనుకుంది.

"ఫోన్ చెయ్యండి! ఎక్కడున్నా కదలొద్దనండి!" అని అరిచింది ఎందుకమ్మ. మామయ్య వెనకే రెండో కాపీ పట్టుకుని వచ్చిన కౌంటరు అక్క అప్పటికే నంబరు కొడుతోంది. ఫోను మోగింది. ఇక్కడే మోగింది. దూది డబ్బా పక్కన, రక్తపు గుడ్డ కింద. కట్టు కట్టిన చెయ్యి కదా, మర్చిపోయి వెళ్ళింది.

"రెండో నంబరు చూడండి" అంది కౌంటరు అక్క అలవాటుగా.

రెండో నంబరు ఏమిటో అక్కడ ముగ్గురికి తెలుసు. ఆవిడ ప్రాణం కాపాడటానికి రాసిన మూడంకెలు కూర్చున్న చోట, ఆవిడ భర్త నంబరు ఉండాల్సింది. ఎందుకమ్మకు ఆ క్షణంలో కలిగిన భయం లాంటిది జన్మలో ఎప్పుడూ కలగలేదు. విత్తనాల వాసన ఒక్కసారిగా ముక్కులోకి కొట్టింది.

"గేటు!" అన్నాడు మామయ్య. "బస్సు గేటు ఎదురుగానే ఆగుతుంది."

అరవై ఏళ్ళకు దగ్గర పడుతున్న మనిషి ఆమెకంటే ముందు పరిగెత్తాడు. నడుము దగ్గర తాళాలు గలగలమంటూనే ఉన్నాయి. డ్యూటీ డాక్టరుని పిలవడానికి సిస్టరు రెండో వైపు పరిగెత్తింది.

బట్టలు కుట్టే ఆవిడ గేటు పక్క అరుగు మీద కూర్చుని ఉంది. బస్సు వచ్చింది, ఆవిడ లేవలేదు, బస్సు వెళ్ళిపోతోంది. బాగున్న చేత్తో మెడ రుద్దుకుంటోంది. పెదాలు ఉబ్బి, ముఖమంతా దద్దుర్లు లేచాయి. మామయ్యను చూసి నవ్వబోయింది.

"గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందన్నయ్యా…"

తర్వాతి మాట గాలిగానే వచ్చింది. మామయ్య ఒక భుజం, ఎందుకమ్మ ఒక భుజం పట్టుకున్నారు. చక్రాల కుర్చీ ఎవరు తెచ్చారో ఆమెకు గుర్తులేదు. ఆవిడ గొంతులోంచి వస్తున్న ఈల లాంటి చప్పుడు మాత్రం వింటూనే ఉంది. అది ఎక్కడ ఆగిపోతుందోనని, ఆగకూడదని, వరండా పొడుగునా ఆ చప్పుడునే పట్టుకుని నడిచింది. తలుపు తెరుచుకుంది, కుర్చీ లోపలికి పోయింది, తలుపు ఆమె ముఖం మీద మూసుకుంది.

ఆ తలుపు బయట అరగంట కూర్చున్నారు. మామయ్య దువ్వెన తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అలా ఎన్నిసార్లు చేశాడో. లోపలున్న మనిషి పోతే నేను చంపినట్టే అనుకుంది ఎందుకమ్మ. ఒక గీత గీసి, ఒక ముక్క రాసి, నవ్వుకుంటూ చంపినట్టే.

డాక్టరు బయటికొచ్చి, "గండం గడిచింది. ఇంకో పది నిమిషాలయితే నా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు. మామయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి.

మధ్యాహ్నం ఆమె లోపలికి వెళితే ఆవిడ కళ్ళు తెరిచి ఉంది. ముఖం ఇంకా వాచే ఉంది.

"మందు పేరు నాకు నోరు తిరగదమ్మా" అంది మెల్లగా. "అయినా నేను చెప్పక్కర్లేదనుకున్నా. మీ దాంట్లో రాసుందిగా."

ఎందుకమ్మ ఆవిడ కట్టు మీద చెయ్యి వేసింది. బయటికొచ్చి కొళాయి కింద తల పెట్టింది.

మూడుముప్పావుకి వరండాలో మామయ్య ఎదురయ్యాడు. చేతిలో ఆ పసుపు కాగితం. ఊడదీసేటప్పుడు ఒక మూల చిరిగింది.

"చింపేద్దామని తీశానమ్మా. చెయ్యి రాలేదు" అన్నాడు. "పెద్దసారు పొద్దుటి సంగతి విన్నారు. మందు పడకపోవడం ఎవరికైనా జరిగేదే అన్నారట. కంప్యూటరుతో దానికేం సంబంధం అన్నారట. మనం ఊరుకుంటే ఎవరికీ తెలీదు. నంబర్లు మీరు మళ్ళీ పెట్టేస్తే చాలు. నా ఉద్యోగం ఇంకో ఏడు నెలలు కూడా లేదు."

ఊరుకోవాలని ఆమెకు మాత్రం లేదా? ఉంది. చాలా ఉంది. రెండోసారి ఇలాంటిది జరిగిందని తెలిస్తే కంపెనీ ఆమెను ఒక్క పూట కూడా ఉంచుకోదు. కానీ చెవుల్లో ఆ ఈల చప్పుడు ఇంకా ఆగలేదు. కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, చల్లటి గదిలోకి వెళ్ళి, పెద్దసారు ముందు బల్ల మీద పరిచింది.

"ఇది మీ రెండో ఫోన్ నంబరు గడి సార్" అంది. "పొద్దున ఆవిడ చావు దాకా వెళ్ళొచ్చింది మందువల్ల కాదు. నావల్ల. ఈ గడి దేనికని ఇక్కడ కూర్చుని మిమ్మల్ని అడిగాను. కౌంటరు దగ్గర నిలబడి అడగలేదు. సంజాయిషీ రాయాల్సింది నేను, మామయ్యగారు కాదు. ఆయన ఈ కాగితం అంటించకపోతే ఈ పద్దెనిమిదేళ్ళలో ఇంకెంతమంది పోయుండేవాళ్ళో. నేను సంతకం పెట్టను. కొత్తది ఇప్పుడే ఆపించండి."

పెద్దసారు ఏదో గద్దించబోయి, కాగితం చదివి, కళ్ళజోడు తీశాడు. ఫోన్ ఎత్తి, కొత్తది ఆపమన్నాడు. ఆమె ఉద్యోగం సంగతీ మామయ్య సంగతీ రేపు మాట్లాడదామన్నాడు. రేపటి మాట రేపు.

ఇద్దరూ రికార్డు గదికి తిరిగొచ్చారు. పాత తెర పచ్చగా వెలుగుతూనే ఉంది. మామయ్య కాగితాన్ని మళ్ళీ ఎడమ తలుపు లోపల అంటించి, చిరిగిన మూలను బొటనవేలితో అదిమాడు. ఎందుకమ్మ కుర్చీలో కూలబడి ఆయన వీపునే చూస్తోంది. అడగడానికి భయమేసింది. అడగకపోవడానికి అంతకంటే ఎక్కువ భయమేసింది.

"మామయ్యగారూ, ఇలాంటివి ఇంకా ఏమైనా ఉన్నాయా?"

ఆయన వెంటనే తిరగలేదు. గుత్తిలోంచి ఇంకో తాళంచెవి ఏరి, బీరువా కుడి తలుపు తెరిచాడు. లోపలివైపు పైనుంచి కింద దాకా ఖాళీ లేకుండా కాగితాలు అంటించి ఉన్నాయి. అదే చక్కటి దస్తూరీ. వయసు గడి. వీధి పేరు గడి. పుట్టుమచ్చల గడి. వాటన్నిట్లో తప్పులుగా కనిపించినవన్నీ ఆమె ఆరు వారాలు కూర్చుని ఏరి పారేసింది.

"కుర్చీ ఇలా దగ్గరికి జరుపుకోండమ్మా" అన్నాడు మామయ్య.

ఆమె జరుపుకుంది. పుస్తకంలో కొత్త పేజీ తెరిచింది. అన్నిటికంటే పైనున్న కాగితం మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు?" అంది.